ఆముదపు నురుగు

ఆత్మకూరు, 14 అక్టోబరు 1955

టీకాల రిజిస్టర్ల కోసం వచ్చిన నోటుబుక్కుల్లో ఒకటి మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో రాసేది నాకోసమే.

ఈ రోజు పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. పోయిన ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉదయగిరిలో రెండు వందల పన్నెండు మంది పిల్లలకు నేను మశూచి టీకాలు వేసినట్టు రిజిస్టరులో ఉంది. జూన్‌లో ఊళ్ళోకి మశూచి వచ్చినప్పుడు ఆ పిల్లల్లోనే పంతొమ్మిది మందికి అమ్మవారు పోసింది. నలుగురు పోయారు. పెంచలయ్య అనే ఉద్యోగి టీకాలు వేయకుండానే వేసినట్టు రాసుకున్నాడా అని మెమో అడుగుతోంది. ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి.

వేయకుండా రాసుకోవడమట. పదకొండేళ్ళ సర్వీసులో సంగం నుంచి ఉదయగిరి కొండ దాకా నేను నడవని దారి లేదు. నా చేయి మంచిదని ఏ పల్లెలో అడిగినా చెబుతారు. ఆ రెండు వందల పన్నెండు మంది చేతులూ నేను పట్టుకున్నవే. నాకు ఈ ప్రశ్న.

17 అక్టోబరు

జవాబు పంపాను. "టీకాలు వేసిన మాట వాస్తవం. ఎండ తీవ్రత వల్ల మందు బలం తగ్గి ఉండవచ్చు." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

20 అక్టోబరు

మశూచి మందు చల్లగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. మద్రాసు నుంచి నెల్లూరు దాకా ఐసులో వస్తుంది. అక్కడి నుంచి బస్సు మీద ఆత్మకూరు, ఆత్మకూరు నుంచి మళ్ళీ బస్సు మీద ఉదయగిరి, ఆ పైన కాలినడక. మాకు ఇచ్చేది ఫ్లాస్కు. ఫ్లాస్కులో ఉండేది గాజు. పోయిన మార్చిలో నా ఫ్లాస్కు బస్సు కుదుపుకు పగిలింది. తర్వాత ఐదు రోజులు మందును తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. గుడ్డ ఆరకుండా తడుపుతూనే ఉన్నాను.

పొట్టు పోసిన చెక్కపెట్టెలో ఐసు తీసుకుపోవచ్చు. కాని రంపపు పొట్టు తడిస్తే ఇక దేనికీ పనికిరాదు. బరువు కూడా.

ఈ రోజు ఒకటి గుర్తుకు వచ్చింది. యుద్ధం రోజుల్లో రెండేళ్ళు మద్రాసులో రబ్బరు కార్ఖానాలో పనిచేశాను. రబ్బరు కరువైనప్పుడు మేస్త్రీ ఆముదంలో గంధకం వేసి కాచి, వచ్చిన ముద్దను రబ్బరులో కలిపేవాడు. ఒకసారి కాగులో నూనె ఎక్కువ కాగి, పొంగి, అంచు దాటి గట్టిపడింది. మేస్త్రీ తిట్టుకుంటూ గీకి పారేశాడు. ఒక ముక్క చేతికి తీసుకుని చూశాను. లోపలంతా బుడగలు, దూదంత తేలిక. కాలుతున్న రేకు మీద దాన్ని పెట్టి దాని మీద చేయి పెట్టాను. వేడి తగల్లేదు.

వేడి బయట నుంచి లోపలికి రాకపోతే చల్లదనం లోపలే ఉంటుంది.

ఆముదానికి ఈ తాలూకాలో కరువు లేదు. మా ఇంటామె చెంచమ్మ పుట్టిల్లే వింజమూరులో ఆముదం వండే ఇల్లు.

6 నవంబరు

ఆదివారం. పెరట్లో పాత బాణలి పెట్టి ఆముదంలో గంధకం వేసి కాచాను. నల్లటి ముద్ద వచ్చింది, చల్లారాక పిండిలా రాలిపోయింది. వాసన మాత్రం కుళ్ళిన కోడిగుడ్ల వాసన. పక్కింటి పోలేరమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏంది చెంచమ్మా, ఇంట్లో ఏదన్నా చచ్చినాదా?" అని అడిగింది.

"మా ఆయన వంట జేస్తుండాడు" అంది చెంచమ్మ.

13 నవంబరు

నూనె అంటుకుంది. కనుబొమలు కాలాయి.

27 నవంబరు

వంటసోడా కలిపి చూశాను. వేడికి సోడాలోంచి గాలి పుడుతుంది, ఆ గాలే ముద్దను పొంగించాలి. బాగా పొంగింది. చూస్తుండగానే కూలబడింది. మూడుసార్లు అంతే.

4 డిసెంబరు

చెంచమ్మ కాళ్ళ మెట్టెలు, వెండి కుంకుమ భరిణె, నా వెండి మొలతాడు నల్లగా మాడిపోయాయి. ఇది గంధకం ఆవిరి పని. బూడిదతో తోముతూ కూర్చుంది.

11 డిసెంబరు

పొంగింది. నిలబడింది.

12 డిసెంబరు

నిన్న రెండు ముక్కలే రాశాను. ఎలా జరిగిందో రాసి పెట్టుకోవాలి.

నేను కలుపుతుంటే చెంచమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మెట్టెలు పాడైన తర్వాత ఇంక ఏం పాడవుతుందని వచ్చిందట. గరిటె తీసుకుని ఎత్తి, నూనె జారడం చూసింది.

"సోడా ఎప్పుడు వేస్తుండావు?"

"గంధకంతో పాటే."

"అందుకే. నీళ్ళగా ఉన్నప్పుడు వేస్తే పొంగంతా ఎగిరిపోదా? పాకం రానీయ్. తీగ సాగినాక వెయ్. అప్పుడు లోపలి గాలి బయటికి పోవాలన్నా పోలేదు."

"పాకం దాటితే గట్టిపడిపోతుంది."

"దాటనీయను గదా. నేను చూస్తా."

నిప్పు తగ్గించింది. గరిటె ఎత్తి ఎత్తి చూసింది. "ఇప్పుడు" అంది. సోడా వేసి రెండు తిప్పులు తిప్పి అరటాకు పరిచిన రేకు పళ్ళెంలో పోశాను. రొట్టెలా లేచింది. మేమిద్దరం చూస్తున్నాం. కూలలేదు. చల్లారిన తర్వాత అంచు విరిగితే, "మట్టిగోడకు గడ్డి కలపరా? దీనికీ ఏదన్నా పీచు కలుపు" అంది. కొబ్బరి పీచు సన్నగా తరిగి రెండో వాయిలో కలిపాం. విరగలేదు.

రెండంగుళాల మందం, జానెడు పొడుగు. గోధుమ రంగు. నీళ్ళలో వేస్తే తేలింది. తీసి తుడిస్తే పొడిగా ఉంది. ఇంత వయసు వచ్చాక ఒక వస్తువు నా పెరట్లో పుట్టడం ఇదే మొదలు. పదిసార్లు చేతిలోకి తీసుకుని ఉంటాను.

15 డిసెంబరు

ఆసుపత్రి డాక్టరుగారికి ఆముదపు నురుగు పలక చూపించాను. తిప్పి తిప్పి చూసి, "సోడా చివర్లో వెయ్యాలని ఎలా తట్టిందయ్యా నీకు?" అని అడిగారు. చేయగా చేయగా తెలిసిందని చెప్పాను. చేయగా చేయగా తెలిసిన మాట నిజమే.

8 జనవరి 1956

డాక్టరుగారి ఎదుట పరీక్ష పెట్టాం. ఒకే కొలత పెట్టెలు రెండు, ఒకదాని గోడల్లో రంపపు పొట్టు, ఇంకోదాని గోడల్లో మా పలకలు. నెల్లూరు నుంచి బస్సు మీద వచ్చిన ఐసు ఒక్కోదాంట్లో నాలుగు వీసెలు.

మొదటి రోజు రెండూ సమానం. నా ముఖం పడిపోయి ఉంటుంది, డాక్టరుగారు టీ తెప్పించారు. రెండో రోజు మళ్ళీ ఐసు నింపాం. మూడో రోజు ఉదయం తీసి చూస్తే పొట్టు తడిసి ముద్దయింది, పెట్టెలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. మా పెట్టెలో రెండు వీసెల పైన ఐసు. పలక నొక్కి చూశారు డాక్టరుగారు. చుక్క నీరు రాలేదు.

"పెంచలయ్యా, ఇది పై వాళ్ళకు రాయాల్సిన సంగతి" అన్నారు.

ఇంటికి వచ్చి చెంచమ్మకు చెప్పాను. "నాకు తెలుసు గదా" అంది.

22 జనవరి

కొండ దారిలో మోయడానికి మంచి పెట్టె కావాలి. ఇనప మేకులు వేడిని లోపలికి మోస్తాయి, కాబట్టి మేకు లేని అతుకులు కావాలి. అలాంటి పని చేయగలిగింది ఉదయగిరిలో కమాలుద్దీన్. గరిటెలు, దువ్వెనలు చెక్కుతాడు, అతని అతుకులో వెంట్రుక దూరదు. అందుకే కోట కింది వీధికి వెళ్ళాను. వేరే కారణం లేదు.

ఏడు నెలల తర్వాత ఆ వీధిలో అడుగుపెట్టాను. అతని పెద్ద కూతురు మస్తాన్‌బీ వాకిట్లో గవ్వలాడుకుంటోంది. ఆరేళ్ళు. జూన్‌లో అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. గవ్వ ఎటు పడిందో చూడటానికి తల మొత్తం తిప్పుతోంది.

కమాలుద్దీన్ పలకను గీరి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూశాడు. "ఆముదంతోనా? మీ ఇంట్లోనే?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. పని ఒప్పుకున్నాడు.

వచ్చేటప్పుడు నేను అడగకుండానే, "పిల్ల సంగతి దేవుడు రాసినాడు అన్నా. నువ్వు టీకా పొడిచినావు గదా, నీ పని నువ్వు చేసినావు" అన్నాడు.

టీ ఇచ్చాడు. తాగాను.

19 ఫిబ్రవరి

పెట్టె తయారైంది. ఒక్క మేకు లేదు. మూత దించితే లోపలి గాలి చిన్నగా నిట్టూర్చి ఆగుతుంది. లోపల పలకల మీద పలుచని రేకు, పైన భుజాన వేసుకునే తోలు పట్టీ. కమాలుద్దీన్ మూత మీద పూలతీగ చెక్కబోతే వద్దన్నాను. అడుగున, ఎవరికీ కనపడని చోట చెక్కాడు. ఇంటికి వచ్చి తిప్పి చూస్తే ఉంది.

భార్య హజరాబీ లోపలి గది గుమ్మంలో చంటిబిడ్డతో నిలబడి చూసింది. నాతో మాట్లాడలేదు. వాళ్ళ ఆడవాళ్ళు పరాయివాళ్ళతో ఎక్కువ మాట్లాడరు.

4 మార్చి

నెల్లూరు నుంచి జిల్లా హెల్త్ ఆఫీసరుగారు జీపులో వచ్చారు. వెంట ఒక తెల్లటి పలక తెచ్చారు. సీమ నుంచి ఓడలో వచ్చిందట, నేలలోంచి తోడిన చమురుతో చేస్తారట. మల్లెపువ్వులా ఉంది, చేతిలో ఉన్నట్టే లేదు. దాని పక్కన మా పలక బెల్లపు అచ్చులా ఉంది.

అదే మందంలో రెండూ పెట్టి ఐసు పరీక్ష చేయించారు. సాయంత్రానికి తెల్లదాంట్లో మూడు వీసెలు మిగిలింది, మాదాంట్లో రెండున్నర. దాదాపు సమానం. అర వీసె తేడా అసలు తేడా కాదు.

ఆఫీసరుగారు తెల్లదాన్ని వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. మాదాన్ని నేల మీద వేసి బూటుతో తొక్కారు. వంగి లేచింది. అప్పుడు నవ్వారు. "ఇది ఓడ దిగి రావాలి. మీది గానుగ దగ్గర నుంచి వస్తుంది. ఈ పద్ధతి ఎవరు నేర్పారు?"

డాక్టరుగారు నా వైపు చూశారు. పాకం సంగతి, పీచు సంగతి మా ఇంటామె చెప్పిందని అన్నాను. డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆఫీసరుగారు కాగితం మీద "చెంచమ్మ" అని రాసుకున్నారు. సర్కారు కాగితం మీద ఆ పేరు ఎక్కడం ఇదే మొదలు అయి ఉంటుంది.

చెబితే, "నా పేరు దేనికయ్యా వాళ్ళకి" అంది. మధ్యాహ్నం పోలేరమ్మతో గోడ దగ్గర చాలాసేపు మాట్లాడింది.

21 మార్చి

ఉత్తరం వచ్చింది. "మీ వివరణ అంగీకరించడమైనది. ఫైలు మూసివేయడమైనది."

డాక్టరుగారు చేయి కలిపారు. పదకొండేళ్ళ సర్వీసు మీద మచ్చ లేదు.

22 మార్చి

అన్నం సయించలేదు. ఎండలు ముదిరాయి.

25 మార్చి

చెంచమ్మ అడిగింది. "ఫైలు మూసినారు గదా. ఇంకా ఏంది?"

ఏమీ లేదన్నాను.

9 ఏప్రిల్

ఉదయగిరి పక్కన చింతలగుంటలో ఇద్దరికి మశూచి. మామూలుగా ఎండాకాలంలో టీకాలు ఆపేస్తారు, మందు నిలవదు కాబట్టి. ఈ సారి ఆపవద్దని ఆర్డరు వచ్చింది. పెట్టె ఉంది కాబట్టి ఆపవద్దని. ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

11 ఏప్రిల్, ఉదయగిరి

ఉదయం చింతలగుంటలో అరవై నాలుగు మందికి పొడిచాను. భుజాన పెట్టె, నెత్తిన ఎండ. మూత తీసిన ప్రతిసారీ చల్లటి గాలి ముఖానికి తగిలింది. రాళ్ళు కాలిపోతున్న ఆ గుట్ట మీద నా దగ్గర ఐసు ఉంది. మనిషి గర్వపడకుండా ఎలా ఉంటాడు.

మధ్యాహ్నం కోట కింది వీధికి వచ్చాను. ఒక్క తలుపు తెరవలేదు.

కమాలుద్దీన్ ఇంటి ముందు నిలబడ్డాను. అతను బయటికి వచ్చి, "హజరా వద్దంటుండాది అన్నా. వీధంతా ఆమె మాటే వింటుండారు" అన్నాడు. తల దించుకుని అన్నాడు.

గుమ్మం లోపల నుంచి హజరాబీ మాట్లాడింది. నేను ఆమె గొంతు వినడం అదే మొదలు. "పెద్దదానికి పొడిపించినా. నా చేత్తోనే పట్టుకున్నా, కదలకుండా. ఏమైనాదో చూసినావు గదా టీకాలయ్యా. మా నెత్తురులో దోషం ఉండాదంట, టీకా పట్టదంట. అందరూ అంటుండారు. ఈ చిన్నదాన్నన్నా దేవుడికి వదిలేస్తా."

మా నెత్తురులో దోషం.

పెట్టె కింద పెట్టాను. నేను చెప్పిన మాటలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, రేపు మార్చి రాసుకోకుండా.

"మీ నెత్తురులో ఏ దోషమూ లేదమ్మా. దేవుడు రాసిందీ కాదు. పోయిన మార్చిలో ఈ వీధికి వచ్చినప్పుడు నా ఫ్లాస్కు పగిలింది. ఐదు రోజులు మందు ఎండలో ఉండాది. చెడిపోయి ఉంటుందని నాకు తెలుసు. వెనక్కి పోయి వేరే మందు తెస్తే వారం పడతాది, నెల లెక్క తప్పుతాది. పెంచలయ్య లెక్క ఎప్పుడూ తప్పలేదని అనిపించుకోవాలని పొడిచినాను. టీకా పడితే ఎనిమిదో రోజుకు పొక్కు లేస్తాది. వచ్చి చూస్తే చాలామందికి లేవలేదు. లేచినట్టు రాసుకున్నాను."

తడిగుడ్డ సంగతి చెప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నానికే తడపడం మానేశాను.

కమాలుద్దీన్ నా ముఖంలోకి చూశాడు. చేతిలో ఉన్న ఉలిని అరుగు మీద పెట్టాడు, చాలా నెమ్మదిగా. "నా చేత పెట్టె చేయించుకున్నావు" అన్నాడు. "నా ఇంట్లో టీ తాగినావు."

"తాగినాను."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. కొట్టి ఉంటే తేలికగా ఉండేది.

హజరాబీ బయటికి వచ్చింది. నా వైపు చూడకుండా పెట్టె దగ్గర కూర్చుని మూత తీసింది. చేయి లోపలికి పెట్టింది. మందు గొట్టాల పక్కన, ఐసు మీద. తీయలేదు. వేళ్ళు ఎర్రబడేదాకా ఉంచింది.

"ఎప్పటి ఐసు ఇది?"

"నిన్న పొద్దున నెల్లూరుది."

"దీన్ని ఆపింది ఏంది?"

"ఆముదం నురుగు. మా ఇంటామె, నేను చేసినాం. పెట్టె నీ మొగుడు చేసినాడు."

లేచి లోపలికి వెళ్ళింది. ఏదో ఉర్దూలో గట్టిగా మాట్లాడుకున్నారు. తర్వాత చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. ఏడు నెలల పాప. చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది, కదలకుండా.

"నిన్ను నమ్మి కాదు" అంది. "చల్లగా ఉండాది గనక."

పొడిచాను.

19 ఏప్రిల్

ఎనిమిదో రోజు. చింతలగుంటలో అరవై నాలుగుకు అరవై ఒకటి లేచాయి. వేసవిలో. తప్పిన మూడూ మళ్ళీ పొడిచాను. రిజిస్టరులో తప్పినట్టే రాశాను.

హజరాబీ పాప చేతి మీద పొక్కు నిండుగా, గుండ్రంగా, మధ్యలో చిన్న గుంటతో ఉంది. పుస్తకంలో బొమ్మలా. కమాలుద్దీన్ వంగి చూశాడు. పెట్టె మూత ఎండకు కాస్త వంగి ఉంటే నేను చెప్పకుండానే తీసుకుని, చిత్రిక పట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

22 ఏప్రిల్

మూసిన ఫైలు మళ్ళీ తెరవమని నేనే రాశాను. ఫ్లాస్కు, ఐదు రోజులు, లేవని పొక్కులు, అన్నీ. పోయిన నలుగురి పేర్లూ రాశాను. ఇవాళ్టిదాకా ఈ పుస్తకంలో కూడా వాళ్ళ పేర్లు రాయలేదని అప్పుడు చూసుకున్నాను.

డాక్టరుగారు చదివి, "ఉద్యోగం పోవచ్చు, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను.

చెంచమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "పోతే వింజమూరు పోదాం. ఆముదం వండుకుంటాం" అంది.

20 మే

ఆర్డరు వచ్చింది. ఉద్యోగం పోలేదు. రెండేళ్ళు జీతం పెంపు లేదు, హెచ్చరిక సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఉదయగిరికి బదిలీ. అదే కవరులో ఇంకో కాగితం. అలాంటి పెట్టెలు ఇంకో ఆరు కావాలి, పలకలు చెంచమ్మ గారి పర్యవేక్షణలో తయారుచేయించవలసిందని. ఆరు పెట్టెల చెక్కపని ఒప్పుకుంటాడా అని కమాలుద్దీన్‌ను అడిగాను. ఒప్పుకున్నాడు. టీ ఇవ్వలేదు.

27 మే, ఉదయగిరి

ఈ రోజు కోట కింది వీధిలో మిగిలిన పిల్లలకు, పోయినేడు నేను పాడుచేసిన వాళ్ళందరికీ మళ్ళీ టీకాలు. తలుపులు తెరుచుకుంటాయో లేదో అని బయలుదేరాను. వీధి మొదట్లోనే హజరాబీ నిలబడి ఉంది. వెనక ఇరవై మంది తల్లులు.

"ముందు మూత తీయ్" అంది నాతో. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, "చేయి పెట్టి చూడండి. చల్లగా ఉంటేనే బిడ్డను ఇవ్వండి. లేకుంటే తిప్పి పంపండి, ఎవరైనా సరే" అని చెప్పింది.

ఒక్కో తల్లీ వచ్చి వంగి చేయి పెట్టింది. కొందరు వెంటనే తీసేశారు, కొందరు ఉంచారు, ఒక ముసలామె ఐసు ముక్క తీసి నోట్లో వేసుకుని చూసింది. మస్తాన్‌బీ కూడా వచ్చి పెట్టింది. పదకొండేళ్ళలో ఎందరు ఆఫీసర్లు నా రిజిస్టర్లు తిప్పారో, ఒక్కరూ ఇలా తనిఖీ చేయలేదు. నేను మూత పట్టుకుని నిలబడ్డాను. తల ఎత్తుకునే నిలబడ్డాను.

అన్నిసార్లు మూత తీయడం వల్ల మధ్యాహ్నానికి సగం ఐసు కరిగిపోయింది. రేపటి నుంచి రెండు వీసెలు ఎక్కువ తెచ్చుకోవాలి.